ఆ పది అంకెలు ఎవరివి?

తెల్లవారుజామున జగిత్యాల బస్టాండులో ఆమె మంచిర్యాల బస్సు ఎక్కింది. ఒళ్లో నాలుగేళ్ల కొడుకు. చేతిలో ఒక సంచి. అందులో రెండు చీరలు, పిల్లాడి బట్టలు, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్ కార్డు, బీడీల పీఎఫ్ కాగితం. కొంగు చాటున సెల్‌ఫోను. కుడి చెంప వాచి ఉంది. ఎవరూ చూడకుండా కొంగు కప్పుకుని కిటికీ వైపు జరిగి కూర్చుంది.

ధర్మపురి దాటాక తల్లికి ఫోన్ చేసింది. ''వస్తున్ననే అవ్వా'' అంది. అంతకు మించి మాట రాలేదు. రాయపట్నం దగ్గర బస్సు గోదావరి దాటింది. ఇటు పాత కరీంనగర్ జిల్లా... అటు పాత ఆదిలాబాద్ జిల్లా. ఏరు దాటాను కదా, ఇక భయం కూడా ఆ ఒడ్డునే ఉండిపోయిందనుకుంది.

మధ్యాహ్నానికి ఫోన్లో సిగ్నల్ గీతలు మాయమయ్యాయి. కాసేపాగి చూసింది. స్విచాఫ్ చేసి మళ్లీ ఆన్ చేసింది. సిమ్ తీసి తుడిచి పెట్టింది. ఉహూ... సాయంత్రం తండ్రిని వెంటబెట్టుకుని బజార్లో ఫోన్ల దుకాణానికి వెళ్లింది. కౌంటర్లో కుర్రాడు నంబరు అడిగాడు. కంప్యూటర్లో చూశాడు. తల గోక్కున్నాడు.

''అక్కా, గీ నంబరు మీద ఇయ్యాల పొద్దుగాలనే కొత్త సిమ్ తీసుకున్నరు. సిమ్ నీ పేరు మీద లేదు... మీ ఆయన పేరు మీదున్నది.''

''మరి నేనే వాడుతున్న గదా తమ్మీ, ఏడేండ్ల సంది!''

''వాడితే ఏముందక్కా... పేరు ఎవలదుంటే నంబరు వాళ్లదే.''

ఈమెకు పేరు పెట్టనక్కర్లేదు. జగిత్యాలలో, సిరిసిల్లలో, కోరుట్లలో, నిర్మల్‌లో, బెల్లంపల్లిలో... ఏ వాడలో వెతికినా ఇలాంటి ఆడపడుచు ఒకరు కనిపిస్తారు. దెబ్బలు తప్పించుకుని గడప దాటుతారు. పుట్టింటికి చేరతారు. కానీ పది అంకెల నంబరు మాత్రం అత్తారింట్లోనే ఉండిపోతుంది.

దుబాయ్ పోతూ కొనిచ్చిన ఫోను

సిమ్ భర్త పేరు మీద ఎందుకుంది? ఎవరూ కుట్ర పన్ని చేసింది కాదు. అప్పట్లో అది చాలా మామూలు సంగతి. దుకాణానికి వెళ్లేది మగవాళ్లు. ఫొటో, జిరాక్సు కాగితం ఇచ్చేదీ వాళ్లే. కొత్త కోడలి కార్డులన్నీ పుట్టింటి చిరునామాతో ఉంటాయి. ''నాదే ఇస్త తియ్'' అంటాడు భర్త. లేకపోతే మామ, మరిది. అలా ఇంట్లో నాలుగు సిమ్‌లుంటే నాలుగూ ఒక్కరి పేరు మీదే.

ఉత్తర తెలంగాణలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. గల్ఫ్ వలస. ఒకప్పుడు దుబాయ్, మస్కట్, సౌదీల నుంచి నెలకో ఉత్తరం వచ్చేది. తర్వాత ఐఎస్‌డీ బూతుల ముందు ఆడవాళ్లు బారులు తీరారు. ఆపైన సెల్‌ఫోన్లు వచ్చాయి. దూరదేశం పోయే మగాడు భార్యకు ఫోన్ కొనిచ్చి పోవడం ప్రేమకు గుర్తు. నిజమే, ఎన్నో కాపురాలను ఆ ఫోనే నిలబెట్టింది. పిల్లాడి తొలి అడుగులను ఎడారిలో ఉన్న తండ్రికి చూపించింది.

అయితే అదే ఫోను కొన్ని ఇళ్లలో కాపలాదారైంది. ''యాడున్నవ్? ఎవలున్నరు పక్కన? జెర కెమెరా తిప్పు'' అంటూ గంటకోసారి వీడియో కాల్. ఎత్తడం ఆలస్యమైతే అనుమానం. లైను బిజీగా ఉంటే గొడవ. చివరికి సెలవు మీద ఊరికొచ్చిన రోజు ఆ లెక్కలన్నిటికీ దెబ్బలు. దేశం మొత్తమ్మీద చేసిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 మధ్య, తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పినట్టు లెక్కగట్టింది. తాము సొంతంగా వాడుకునే ఫోను ఉందన్న ఆడవాళ్లు దేశంలో నూటికి 54 మంది. ఆ ఫోన్లో సిమ్ ఎవరి పేరు మీద ఉందన్నది మాత్రం చాలా ఇళ్లలో ఆడవాళ్లకే తెలియదు.

ఇక ఆదిలాబాద్ ఏజెన్సీ వైపు వెళ్తే పరిస్థితి ఇంకో తీరు. మారుమూల గూడేల్లో సిగ్నల్ దొరకడమే గగనం. ఇంటికొకటే ఫోను, అదీ మగవాళ్ల జేబులో. అక్కడ ఆడమనిషి కష్టం చెప్పుకోవాలంటే ముందు భర్తనే ఫోను అడగాలి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల ఫోనులోనే ఫిర్యాదన్నమాట!

ఒక్క నంబరు... పది తాళాలు

''పోతే పోయింది, కొత్త సిమ్ తీసుకుంటే సరి'' అంటారు చాలామంది. ఆమె తండ్రి కూడా అదే అన్నాడు. పదిహేనేళ్ల కిందటైతే ఆ మాట చెల్లేది. అప్పుడు నంబరంటే మాట్లాడుకోవడానికే. ఇప్పుడు అలా కాదు. బ్యాంకు ఖాతా తెరుచుకోవాలంటే ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది. ఆధార్‌కు, గ్యాసు బుకింగుకు, పీఎఫ్‌కు అదే నంబరు. మహిళా సంఘం పొదుపు, అప్పు వాయిదాల సమాచారం వచ్చేది అందులోకే. పిల్లాడి బడి నుంచి పంతులమ్మ కబురు పెట్టేదీ అందులోకే. ఇంటికి తాళం వేస్తే ఒక్క ఇల్లే మూతపడుతుంది. ఈ నంబరు పోతే పది తలుపులు ఒకేసారి మూతపడతాయి. పైగా పదింటి తాళం చెవులూ ఎవరి నుంచి పారిపోయి వచ్చిందో ఆ మనిషి చేతిలోనే!

అంతేనా... ఆమె దగ్గరున్న సాక్ష్యం కూడా ఆ ఫోన్లోనే ఉంది. బెదిరింపు సందేశాలు, దెబ్బల ఫొటోలు, అర్ధరాత్రి వచ్చిన కాల్స్. కొత్త సిమ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆమె పేరుతోనే వాట్సాప్ తెరవొచ్చు. ఆమె రాసినట్టే బంధువులకు సందేశాలు పెట్టొచ్చు. ''నాదే తప్పు, వాపస్ వస్త'' అని ఆమె రాయని మాటను పెద్దమనుషుల ముందు చూపించొచ్చు.

ఇక్కడో చిన్న వెసులుబాటు ఉంది. సిమ్ మార్పిడి మోసాలు పెరిగిపోవడంతో టెలికాం శాఖ 2022 చివర్లో ఒక నియమం పెట్టింది. కొత్త సిమ్ మొదలయ్యాక తొలి 24 గంటలు దానికి ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. అంటే ఓటీపీలు కూడా ఆ ఒక్కరోజు ఆగుతాయి. నంబరు చచ్చిపోయిందని తెలిసిన వెంటనే పాసుబుక్కు, ఆధార్ పట్టుకుని బ్యాంకుకు పరుగెత్తాలి. పాత నంబరు తీయించాలి, ఫోన్ చెల్లింపులు ఆపించాలి. ఏడుస్తూ కూర్చునే ఆ మొదటి రోజే అన్నిటికన్నా విలువైన రోజు.

ఆధార్‌లో నంబరు మార్చడానికి పాత నంబరు అక్కర్లేదు. ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు. భర్త లాక్కోలేనిది ఆ వేలిముద్ర ఒక్కటే మరి!

చట్టం ఏమంటోంది?

గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే హింస కాదని ఆ చట్టం చెప్పింది. మాటలతో, లైంగికంగా, ఆర్థికంగా పెట్టే బాధ కూడా హింసేనంది. కాపురంలో భాగంగా ఆమె అనుభవిస్తూ వచ్చిన వనరులను, సదుపాయాలను ఆమెకు అందకుండా చేయడం ఆర్థిక హింస కిందికే వస్తుంది. ఏడేళ్లుగా వాడుకున్న ఫోను నంబరు అలాంటి సదుపాయం కాదని ఎవరనగలరు?

18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఎదురుపడి గానీ, రాతపూర్వకంగా గానీ, ఫోనులో గానీ, ఎలక్ట్రానిక్ మార్గంలో గానీ ఆమెతో మాట్లాడే ప్రయత్నం చేయొద్దని ఆదేశించొచ్చు. ఫలానా పని కూడా చేయకూడదని విడిగా చేర్చే వీలూ అదే సెక్షన్లో ఉంది. 19వ సెక్షన్ కింద ఆమె స్త్రీధనాన్ని, ఆమెకు హక్కున్న ఇతర ఆస్తిని తిరిగి ఇప్పించొచ్చు. ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకో మంచి మాట... కేసు వేయడానికి జగిత్యాల వెనక్కి వెళ్లనక్కర్లేదు. ప్రస్తుతం తలదాచుకున్న ఊళ్లోనే, తాత్కాలికంగా ఉంటున్నా సరే, వేసుకోవచ్చు.

ఆడమనిషి ఇంటర్నెట్‌ను, ఫోను సందేశాలను దొంగచాటుగా గమనించడం 2013 నుంచీ నేరమే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు శిక్ష. ఆమె పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ కింద మళ్లీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

ఇన్ని ఉన్నా చిక్కుముడి ఒకటి విడిపోలేదు. నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే సదుపాయం దేశమంతటా 2011 జనవరి 20న వచ్చింది. కంపెనీని మార్చుకోవచ్చు, కానీ యజమానిని మార్చుకోలేం! పేరు మార్పిడి కావాలంటే ఇప్పటి యజమాని సమ్మతి కావాలంటారు దుకాణంలో. చెంప వాచేలా కొట్టిన చెయ్యే ఆ సమ్మతి కాగితం మీద సంతకం పెట్టాలి. ఎలా పెడుతుంది?

తెలుగింటి కేసు... అమెరికా చట్టం

భార్య ఫోను భర్త సొత్తా అన్న ప్రశ్న తెలుగువాళ్ల ఇంటి నుంచే హైకోర్టుకెక్కింది. అమెరికాలో ఉన్నప్పుడు భార్య ఫోనులో ఎవరెవరితో ఏం మాట్లాడిందో ఓ భర్త రికార్డు చేశాడు. తల్లిదండ్రులతో మాట్లాడిన మాటలు కూడా వదల్లేదు. ఆ హార్డ్ డిస్కును విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టాడు. 2008లో న్యాయ పత్రికల్లో అచ్చయిన ఆ తీర్పులో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గట్టిగా చెప్పింది. భర్తే అయినా సరే, భార్య సంభాషణలు అలా వినడం ఆమె ఏకాంత హక్కుకు భంగమేనంది. కన్నవాళ్లతో మాట్లాడే మాటల్లో కూడా భార్య మీద నమ్మకం లేకపోతే ఇక పెళ్లికి అర్థమే లేదన్న భావం వెలిబుచ్చింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతం ప్రాథమిక హక్కేనని తేల్చింది.

కథ అక్కడితో ఆగలేదు. భార్యాభర్తల మధ్య మాటలను రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా పరిశీలించొచ్చని 2025 జులై 14న సుప్రీంకోర్టు మరో కేసులో చెప్పింది. ఇది రెండువైపులా పదునున్న కత్తి. భర్త రికార్డులు కోర్టు చూడొచ్చు. అలాగే భార్య దాచుకున్న బెదిరింపు మాటలు కూడా చూడొచ్చు. అందుకే ఫోను ఎవరి చేతిలో ఉంది, నంబరు ఎవరి పేరు మీద ఉంది అన్న ప్రశ్నకు ఇంత బరువు.

అమెరికాకు పెళ్లి చేసి పంపిన ఆడపిల్లలు కరీంనగర్‌లోనూ చాలామందే ఉన్నారు. అక్కడ ఇంటిల్లిపాదికీ కలిపి 'ఫ్యామిలీ ప్లాను' తీసుకుంటారు. ఖాతా భర్త పేరు మీద ఉంటే ఆమె ఎవరికి ఫోన్ చేసిందీ బిల్లులో అతనికి కనిపిస్తుంది. కోపమొస్తే ఒక్క మీటతో ఆమె లైను ఆగిపోతుంది. ఈ బాధ అక్కడి అన్ని జాతుల ఆడవాళ్లదీ. దాన్ని గుర్తించి 2022 డిసెంబరు 7న 'సేఫ్ కనెక్షన్స్' చట్టం తెచ్చారు. అమలు నియమాలు 2023 నవంబరులో ఖరారయ్యాయి. బాధితురాలు తగిన ఆధారంతో అడిగితే చాలు, రెండు పనిదినాల్లో కంపెనీ ఆమె లైనును ఉమ్మడి ఖాతా నుంచి విడదీయాలి. పాత నంబరు ఆమెకే ఉంటుంది. జరిమానా వసూలు చేయకూడదు. ఖాతాదారు ఒప్పుకోవాలన్న షరతు లేదు. గృహహింస సహాయ కేంద్రాలకు చేసిన కాల్స్ బిల్లులో కనిపించకుండా చూడాలన్నది కూడా ఆ నియమాల్లో ఉంది.

అంటే ఇది చేయలేని పని కాదు. మన దగ్గర అంత సూటి నియమం లేకపోయినా, రక్షణ ఉత్తర్వు అడిగేటప్పుడే ''ఈ నంబరును నాకు అప్పగించాలి, దాని మీద వేరే సిమ్ తీసుకోకూడదు'' అని అర్జీలో రాయించుకోవడానికి చట్టంలో చోటుంది. ఆపద ముంచుకొస్తే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరొచ్చు. పుస్తెలతాడు, పుట్టింటివారు పెట్టిన గిన్నెలు స్త్రీధనమైతే, ఏడేళ్ల బతుకంతా ముడిపడిన పది అంకెలు ఎందుకు కావు?

ముందే సర్దుకోవాల్సినవి

గొడవలున్న ఇంట్లో ఆడవాళ్లు గాజులు, పాసుబుక్కు జాగ్రత్త చేసుకుంటారు. ఆ మూటలో ఫోనును కూడా చేర్చాలి. కాకపోతే తొందరపడకూడదు. ఫోన్లో నిఘా ఉందన్న అనుమానం రాగానే అన్నీ ఒకేసారి తీసేస్తే అవతలి మనిషికి వెంటనే తెలిసిపోతుంది. కోపం మళ్లీ ఒంటి మీదికే వస్తుంది. ముందు భద్రమైన చోటు, తర్వాతే ఫోను సంగతి. సలహా కోసం చేసే మొదటి కాల్ పక్కింటి అక్క ఫోను నుంచో, అంగన్‌వాడీ టీచరు ఫోను నుంచో చేయడం మేలు. మహిళా సహాయ నంబరు 181. అత్యవసరమైతే 112. ఉచిత న్యాయసహాయానికి 15100. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసహాయం ఇవ్వాలన్నది చట్టం. జిల్లాల్లో ఉన్న సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు, న్యాయం, తలదాచుకునే చోటు అన్నిటికీ దారి చూపిస్తారు.

సొంత పేరు మీద కొత్త సిమ్ తీసుకున్నాక పాతదాన్ని తెలిసిన చోటల్లా మార్పించాలి. ముందు బ్యాంకు, తర్వాత ఆధార్, ఆపైన గ్యాసు, పీఎఫ్, సంఘం. పాత నంబరును ఊరికే వదిలేయడం కూడా ప్రమాదమే. వాడకుండా రద్దయిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇచ్చేస్తాయి. అప్పటికీ ఖాతా దానికే ముడిపడి ఉంటే ఆ సందేశాలు ఎవరో పరాయివాళ్లకు చేరతాయి.

వాట్సాప్‌లో లింకు చేసిన పరికరాలు ఏమున్నాయో చూసుకోవాలి. ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. కాల్ ఫార్వర్డింగ్ ఉందేమో, మనం ఎక్కడున్నామో ఇంకెవరికైనా కనిపిస్తోందేమో ఫోన్ల గురించి తెలిసిన మనిషితో చూపించుకోవాలి. బెదిరింపు సందేశాలను మాత్రం తుడిచేయకూడదు. వాటి ఫొటోలు తీసి నమ్మకమైన మనిషి దగ్గర దాచాలి.

మన ఆధార్ మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే వెబ్‌సైట్‌ను టెలికాం శాఖ 2021 ఏప్రిల్‌లో మొదటగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే తెచ్చింది. 2023 మే నుంచి అది 'సంచార్ సాథీ'లో భాగమైంది. మనకు తెలియకుండా మన పేరు మీద ఎవరైనా సిమ్ తీసుకుని ఉంటే అందులోనే ఫిర్యాదు చేయొచ్చు.

ఇదంతా గొడవలున్న ఇళ్లకేనా? కాదు. సఖ్యంగా ఉన్న ఇంట్లోనే ఈ పని సులువు. భర్త నవ్వుతూ సంతకం పెట్టే రోజుల్లోనే భార్య నంబరు భార్య పేరు మీదికి మారితే ఎవరికీ నష్టం లేదు. కూతురికి పెళ్లిచేసే తల్లిదండ్రులు బీరువా, మంచం, బంగారం లెక్క చూసుకుంటారు. ఆమె సిమ్ ఆమె పేరు మీదే ఉందా అన్న ప్రశ్న కూడా ఆ లెక్కలో రాసుకుంటే బాగుంటుంది.

ఆ సాయంత్రం మంచిర్యాల బజార్లో ఆమె దుకాణం మెట్లు దిగబోయి ఆగింది. బయట తండ్రి కొడుకునెత్తుకుని నిలబడ్డాడు. ''పా బిడ్డా, పొద్దు పోయింది. రేపు నా పేరు మీద ఒకటి తీసుకుందాం'' అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. ఆమెకు కన్నవాళ్ల మీద కోపం లేదు. అయినా వెనక్కి తిరిగి సంచిలోంచి ఆధార్ కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది.

''కొత్త సిమ్మా అక్కా? ఎవరి పేరు మీద రాయాలె?'' అన్నాడు కుర్రాడు.

''ఒద్దు బాపూ'' అంది తండ్రి వైపు చూసి. తర్వాత కుర్రాడితో చెప్పింది.

''నా పేరు మీదనే రాయి తమ్మీ.''